వేటకు పోయిన వస్త్రము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజవంశములను గూర్చియు యుద్ధములను గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు పెక్కురు కలరు. నా పాఠశాలా విద్య స్వల్పము. కావ్యములను, ప్రబంధములను ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే, నిఘంటువును ప్రక్కన నుంచుకొని నాకు నేనై నేర్చుకొంటిని. వృత్తిచేత గ్రామపు లెక్కలు వ్రాయువాడను. మా యింట మూడు తరములు సాగిన పట్వారీగిరి 1984లో రద్దయినను, లెక్క వ్రాయు అలవాటు మాత్రము నన్ను విడువలేదు. కావున లెక్కలవాని కంటికి కనబడు చిన్న సంగతి నొకదానిని ఎన్నుకొంటిని. నిత్యము పొలమునకు, ఊరికి కట్టుకొని తిరుగు బట్టతోనే వేటకు పోయినవారు, మరలివచ్చిన పిదప ఆ బట్టను ఎట్లు శుభ్రపఱచుకొనిరి? దానిని శుభ్రపఱచిన వారెవరు? ఇదియే నా ప్రశ్న.

వేట మన కవులకు మిక్కిలి ప్రియమైన వస్తువు. పెద్దన మనుచరిత్రమున వర్ణించిన స్వరోచి వేటను, ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున వర్ణించిన తిన్నని వేటను చదివి ఆనందింపని సాహిత్యప్రియులు అరుదు. కాని కథ అడవి దాటిన పిదప బురదతోను, నెత్తుటితోను తడిసిన ఆ వలువ ఏమయ్యెనో నేను చదివిన ప్రబంధములలో ఎచ్చటను కనబడలేదు. ఇది కవుల లోపము కాదు. వలువ ఉదుకుట చాకలి పని. ఉదికినవానిని జ్ఞాపకముంచుకొనుట మాత్రము చరిత్ర వ్రాయువాని పని యని నా మనవి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున సురవరము ప్రతాపరెడ్డిగారు జనుల తిండిని, బట్టను, ఆటను, పాటను చరిత్రగా ఎంచి మనకు దారి చూపిరి. ఆ దారిలో నాకు చేతనైనంత దూరము నడచెదను.

వేటకాని దుస్తులను గూర్చి నేను చదివిన వానిలో చక్కని మాట కాళిదాసుది. రఘువంశము తొమ్మిదవ సర్గమున దశరథుడు వేటకు వెడలునపుడు చెట్ల ఆకుల వన్నెకు సాటియైన వన్నె గల కవచము తొడిగెనని ఆ మహాకవి చెప్పినాడు. ఆ కావ్యమునకు సంజీవని యను వ్యాఖ్య వ్రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొలిచాలమువాడని తలచుకొన్నపుడు, ఆ ఆకుపచ్చ కవచము మన యింటి చిలుకకొయ్యకే వ్రేలాడుచున్నట్లు తోచును. అడవిలో దిరుగువాని బట్ట అడవి రంగులో కలిసిపోవలెనన్న తెలివి నేటిది కాదని దీనివలన విశదమగుచున్నది. కాని దశరథుడు చక్రవర్తి. వేట కొక దుస్తు, కొలువు కొక దుస్తు ఆయనకు గలవు. రెండు ధోవతులు, ఒక గొంగడి మాత్రమే ఆస్తిగా గల పల్లెవానికి అట్టి భేద మెక్కడిది? నాగలి పట్టిన ధోవతియే కుందేటి వెంట పరుగెత్తినది. మరునాడు అదియే ధోవతి సంతకు పోవలెను. కావున శుభ్రత యను చిక్కు రాజునకంటె పేదవానికే యెక్కువ.

ఇక శాస్త్రములను విచారింతము. మనుస్మృతి అయిదవ అధ్యాయమున ఏ బట్టను దేనితో శుద్ధి చేయవలెనో చెప్పబడినది. పట్టునకును, గొఱ్ఱెబొచ్చు బట్టకును చవుటిమన్ను, మేకబొచ్చు కంబళికి కుంకుడుకాయ, సన్నని పట్టుబట్టకు మారేడుపండు, నారబట్టకు తెల్లావాలు విధింపబడినవి. బట్టకు తగిన మందు వేయవలెనను వివేకము ఇందు గలదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము మఱియు లోతునకు పోవుచున్నది. మైసూరు పండితులగు శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన ఆ గ్రంథమున నాల్గవ అధికరణము చాకలివారి ధర్మములను చెప్పుచున్నది. బట్టలను కొయ్యపలకలమీద గాని, నున్నని రాళ్ళమీద గాని ఉదుకవలెను. మఱియొక చోట ఉదికి చింపినచో చినిగిన దానికి పరిహారమును, ఆఱు పణముల దండుగయు ఇచ్చుకొనవలెను. సమ్మెట గుర్తు గల బట్టను తప్ప అన్యమును చాకలి కట్టరాదు. కట్టినచో మూడు పణములు. ఇతరుల బట్టలను అమ్మినను, అద్దెకిచ్చినను, కుదువ పెట్టినను పండ్రెండు పణములు. దండుగలు చదివినపుడు కౌటిల్యుడు కఠినుడని తోచును. కాని అతడు అంతటితో ఆగలేదు. కూలిని సైతము నిర్ణయించినాడు. మేలైన బట్టకు పణము, మధ్యమమునకు అర్ధపణము, తక్కువ దానికి పాతిక పణము, ముతకబట్టకు ఒకటి రెండు మాషకములు. దండుగ వ్రాసిన ఏటనే కూలియు వ్రాసినాడు. పాఠకులు ఈ మాటను గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. ముందు దీనితో పని యున్నది.

శాస్త్రము చెప్పినది రేవులో ఎట్లు నడచినదో తెలిసికొనుటకై మన గ్రామమున ఎనుబది యేండ్లు దాటిన చాకలి పెద్దమ్మను అడిగితిని. ఆమె అత్తగారి కాలమునుండి వచ్చిన పద్ధతి నంతయు ఓపికతో చెప్పినది. వేటనుండి వచ్చిన బట్టను వెంటనే నీటిలో ముంచరాదు. ముందు దులుపవలెను. ఉత్తరేణి గింజలను, పల్లేరుకాయలను ఏరివేయవలెను. కుట్టుల మడతలలో పిడుదులు దాగియుండును గావున తిరుగవేసి చూడవలెను. బురద పచ్చిగా నున్నపుడు రుద్దినచో అది పోగులలోనికి దిగును. ఎండనిచ్చి నలిపి దులిపినచో ముప్పాతిక మువ్వీసము మన్ను నీరు లేకయే రాలిపోవును. పిదప చల్లని నీటిలో నాననిచ్చి, సౌడు పట్టించి, ఉబ్బ వేసి, బండమీద ఉదికి, ఎండలో ఆరవేయవలెను. గొంగడిని మాత్రము ఉబ్బకు తేరాదు. దానికి చింతగింజల గంజి పట్టించియుందురు గావున ఎండవేసి కఱ్ఱతో కొట్టుటయే దాని స్నానము.

నెత్తుటి మరక సంగతి అడుగగా పెద్దమ్మ నవ్వి ఇట్లన్నది: “నెత్తురంటిన బట్టను సల్లటి నీళ్ళల్ల నానేయాలె అయ్యా. ఉడుకునీళ్ళల్ల ముంచినవంటె ఇగ ఆ మరక బట్టతోనే పోతది.”

ఈ మాటకు నేటి రసాయనశాస్త్రము సాక్ష్యమిచ్చుచున్నది. నెత్తుటిలోని మాంసకృత్తులు వేడి తగిలినంతనే కోడిగ్రుడ్డులోని తెల్లసొనవలె గట్టిపడి నూలుపోగులను కఱచుకొనును. చల్లని నీటిలో నైనచో అవి కరిగి బయటికి వచ్చును. సౌడుమట్టిలో సోడియము కార్బొనేటు గలదు; అది జిడ్డుతో గలిసి దానిని నీటిలో కరుగజేయును. కట్టెబూడిదలో పొటాసియము కార్బొనేటు గలదు. కుంకుడుకాయలో నురుగునిచ్చు సపోనిను గలదు. అది బట్టకు మెత్తనిది. ఈ పేర్లు తెలియకయే మన రేవులు తరతరములుగా ఈ పని చేసినవి. అక్షరము రాని విద్యయు విద్యయే.

ఇంతవఱకు మైలను వదలించు మార్గము. మైలను కనబడనీయని మార్గ మొకటి పందొమ్మిదవ శతాబ్దమున వచ్చినది. అదియే ఖాకీ. ఖాక్ అనగా పారసీక భాషలో ధూళి. 1846లో పెషావరునందు లమ్స్‌డెను అను ఆంగ్లాధికారి గైడ్సు దళమును స్థాపించి, తెల్లబట్టలు ఆ దుమ్ము నేలపై పనికిరావని కనుగొని, తన భటులకు ధూళివన్నె బట్టలు ఇప్పించెను. 1857 నాటి సంగ్రామమున పెక్కు ఆంగ్లపటాలములు తమ తెల్లని దుస్తులకు తేనీరు, కాఫీ, సిరా, బురద, ఏది దొరకిన దానిని పట్టించి రంగు మార్చుకొనిరి. కాని ఆ రంగులు ఉదికినకొలది వెలిసిపోయి, ఒక్కొక్కని అంగీ ఒక్కొక్క తీరుగా కనబడెడిది. 1884లో లంకాషైరునందలి అక్రింగ్‌టను పట్టణపు గాటి యను రంగుల వ్యాపారి ఉదికినను పోని ఖాకీరంగునకు ప్రత్యేకాధికారము పొందెను. అటుపిమ్మట ఖాకీ సైనికునకేగాక సర్వే అమీనునకు, అటవీ జవానునకు, తాసీల్దారునకు, షికారీకి సైతము నిత్యవస్త్రమయ్యెను. పగలు పొలము కొలిచిన కోటే సాయంకాలము తుపాకి మోసినది. మైల పోవుట వేరు, మైల కనబడకుండుట వేరు అని మాత్రము చాకిరేవునకు బాగుగ దెలియును. కనబడని మైలను వదలించుట మఱింత కష్టము.

మన నిజాము రాజ్యమున ఈ రెండు మార్గములును అక్కఱలేని ప్రభువొకడుండెను. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను 1869 మొదలు 1911 వఱకు రాజ్యము చేసెను. పులివేటలో మిక్కిలి ప్రసిద్ధుడు. లాలా దీనదయాళు తీసిన ఛాయాచిత్రములలో ఆ వేటల వైభవము నేటికిని చూడవచ్చును. ఒకమారు తొడిగిన దుస్తును ఆయన మరల తొడుగలేదని లోకప్రసిద్ధి. హైదరాబాదులోని పురానీ హవేలీయందు ఆయన దుస్తుల బీరువా నొక పొడవైన మందిరముగా నేటికిని చూపుదురు. మరల తొడుగనివానికి మరక చింత యుండదు. కాని ఆయన వెంట అడవికి పోయి, పొదలను కొట్టి, మృగమును తరిమిన పల్లెవారు మరునాడును ఆ బట్టలనే కట్టుకొనవలసిన వారు. వారి ఛాయాచిత్రములకు క్రింద పేర్లు వ్రాయు ఆచారము లేకుండెను.

ఇప్పుడు మా యింటి సంగతి చెప్పెదను. మా పితామహుడు ఈ గ్రామ పట్వారీ. ఆయనకు ఖాకీకోటు ఒక్కటియే యుండెడిది. పహాణీకి పొలములు తిరుగునపుడు, చెరువుకట్ట చూడబోవునపుడు, జమాబందీకి కచ్చేరి పోవునపుడు, అధికారులు నల్లమల అంచునకు షికారు వచ్చినపుడు ఆ కోటే. అది మా పెట్టెలో నేటికిని గలదు. ఎడమచేతి అంచున అణాకాసంత గోధుమవన్నె మరక యున్నది. ఆ పెట్టెలోనే ఆయన ఇంటి లెక్కల పుస్తకములును గలవు. ఫసలీ 1354, అనగా 1944-45 సంవత్సరపు పుస్తకమున చాకలి మేర పద్దు క్రింద ఇట్లున్నది: కోటు పాడుచేసినందుకు జొన్నలు రెండు కుంచములు తక్కువ.

చిన్ననాట ఈ పద్దును చూచి, మా తాతగారు లెక్కలో ఎంత నిక్కచ్చి మనిషియో యని గర్వపడితిని. మొన్న పెద్దమ్మతో మాటలాడునపుడు ఆ కోటు ప్రసంగము వచ్చినది. ఆమె అత్తగారు ఆ సంగతిని బ్రదికినన్నాళ్ళు చెప్పుకొన్నదట. వేటనుండి రాత్రి వచ్చిరి. కోటుచేతికి దుప్పి నెత్తురు. తెల్లవారి జమాబందీ. రాత్రికి రాత్రి ఉబ్బవేసి తెమ్మని తాతగారి ఆజ్ఞ. చల్లనీటిలో ఒక పూట నాననిండు, లేనిచో మరక నిలుచునని చాకలి రెండుమార్లు మనవి చేసెను. వినలేదు. ఉబ్బ వేసిరి. మరక నిలిచినది. కళ్ళములో జొన్నలు తగ్గినవి.

నేను పుస్తకమును మరల తెఱచి చూచితిని. అధికారుల షికారు మకాము లెక్క ఆ ఏటనే మఱియొక పుటలో వ్రాసియున్నది. బియ్యము, నెయ్యి, కోళ్ళు, గుఱ్ఱములకు గడ్డి, దీపములకు నూనె, అన్నిటికిని పద్దులు గలవు. మకామున నాలుగు దినములు మూటలకొలది బట్టలు ఉదికినందుకు పద్దు లేదు. వ్రాసిన తప్పును పట్టుకొనుట లెక్కలవానికి సులభము. వ్రాయని పద్దును పట్టుకొనుటయే కష్టము. యాబది యేండ్లు దాటిన పిమ్మట గాని అది నాకు కనబడలేదు.

ఆ వ్రాయని పద్దునకు నాడు వెట్టి యని పేరు. అధికారులు గ్రామములకు వచ్చినపుడు చాకలి, కుమ్మరి, మాదిగ మున్నగువారు కూలి లేక చాకిరి చేయవలసిన దురాచారము నిజాము రాజ్యమున వేళ్ళూనియుండెను. 1921లో హైదరాబాదున ఏర్పడిన సంఘము ఆంధ్ర జనసంఘముగా పెంపొంది ఈ వెట్టిని ఖండించినది. గ్రంథాలయములను నెలకొల్పుటయు, వెట్టిని మాన్పుటయు ఆ పెద్దలకు ఒక్కటే ఉద్యమములోని రెండు పనులు. చదువ నేర్చినవాడు పద్దు అడుగ నేర్చునని వారికి తెలియును. మన గ్రంథాలయ రజతోత్సవమున చాకిరేవును తలచుట అసందర్భము కాదని ఇందుచేతనే తలచితిని. కౌటిల్యుడు దండుగతోపాటు కూలిని వ్రాసెను. మా తాతగారు దండుగను వ్రాసి కూలిని విడిచిరి. శాస్త్రము వెనుకటిదైనను న్యాయము ముందుండెను.

వేటబట్ట చరిత్రలో సబ్బు చివరి ఘట్టము. 1888లో లీవరు సోదరుల సన్‌లైటు సబ్బు కలకత్తా రేవున దిగినది. 1959లో సర్ఫు, 1969లో నిర్మా పొడులు వచ్చి, బట్ట ఉదుకు పని చాలవఱకు ఇంటి పెరటికి చేరినది. బట్ట తెల్లబడినది, సువాసన వచ్చినది. కాని అడవి దృష్టిలో అది శుభ్రమేనా? దుప్పికిని, కణుతికిని ముక్కే కావలివాడు. గాలి మన వెనుకనుండి వీచినచో సబ్బువాసన మనకంటె ముందుగా పొదలోనికి పోవును. మఱియొకటి గలదు. నేటి సబ్బుపొడులలో బట్టను మెఱపించు ద్రవ్యములు కలుపుదురు. అవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను గ్రహించి నీలివెలుగుగా వదలును. 1990 దశకమునుండి అమెరికాలో తెల్లతోక జింకలపై జరిగిన పరిశోధనల వలన, ఆ జాతి కన్ను ఎఱుపు, నారింజ వన్నెలను సరిగా గుర్తింపలేదనియు, నీలమును మాత్రము మనకంటె మిన్నగా పట్టుననియు తెలిసినది. మనకు శుభ్రముగా కనబడు అంగీ జింక కంటికి దీపమువలె నుండవచ్చును. అందుచేతనే నేడును వేట అనుమతింపబడిన దేశములలో వేటకాండ్రు వాసనలేని, మెఱపుమందు లేని సబ్బుతో ఉదికి, ఆరుబయట గాలికి ఆరవేసి, వంటింటి పొగకు దూరముగా దాచుకొందురు. కుంకుడుకాయతో ఉదికి ఎండవేసిన మన పాత పద్ధతికి అది ఎంతయో దూరము కాదు.

మన దేశమున ఈ తెలివిని వేటకు వాడు కాలము గతించినది. 1972లో వన్యమృగ సంరక్షణ చట్టము వచ్చినది. మా తాతగారు తుపాకితో తిరిగిన నల్లమల అంచు నేడు అమరాబాదు పులుల అభయారణ్యములోనిది. అది గతించుట మంచిదే. కాని అడవిలో తిరుగువారు నేటికిని కలరు. కావలి తిరుగు అటవీ సిబ్బంది, పులుల లెక్క తీయువారు, తేనెకు, గడ్డలకు పోవు చెంచులు, పశువుల మేపువారు, ఛాయాచిత్రములు తీయు యువకులు ఉన్నారు. వారికి ఈ చరిత్ర చెప్పునది స్వల్పము, కాని ఉపయోగకరము. మట్టివన్నెయో ఆకువన్నెయో గల ముతక నూలుబట్ట కట్టుకొనుడు. వచ్చినంతనే దులిపి, గింజలను, పిడుదులను ఏరి, బురదను ఎండనిండు. నెత్తురైనచో, అది మీ ముల్లుగాయపు నెత్తురే యైనను, చల్లనీటిలోనే నానవేయుడు. వాసన సబ్బును విడిచి కుంకుడు వాడుడు. అన్నిటికంటె ముందుగా, ఉదుకుట తెలిసినవారు చెప్పిన మాటను వినుడు.

ఈ వ్యాసము ముగించుటకు ముందు ఆ లెక్కల పుస్తకమును తీసికొని పెద్దమ్మ ఇంటికి పోతిని. పద్దును చదివి వినిపించి, అది తప్పు పద్దనియు, రెండు కుంచముల జొన్నలు మా యింటినుండి రావలసియున్నవనియు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, “మా అత్త ఉంటె వినేది అయ్యా” అన్నది. జొన్నలు మాత్రము పుచ్చుకొన్నది. పుచ్చుకొనుటయే న్యాయము. ఇంటికి వచ్చి ఆ పద్దు ప్రక్కన ఎఱ్ఱసిరాతో, చాకలి తప్పు లేదు, ఆజ్ఞ ఇచ్చినవారిదే తప్పు, బాకీ తీర్చడమైనది అని వ్రాసి సంతకము చేసితిని. మా వంశమున లెక్క దిద్దుట కొత్త కాదు. తాతగారి లెక్క దిద్దుట మాత్రము ఇదియే మొదలు.

గ్రంథాలయ సభ్యులకు చివర నొక విన్నపము. మన బీరువాలలో ప్రబంధములు గలవు, పురాణములు గలవు. రేవు విద్య, కుమ్మరి చక్రపు విద్య, గొంగడి నేయు విద్య ఏ పుస్తకమునను లేవు. అవి తెలిసిన పెద్దలు ఇంక కొందరే మిగిలియున్నారు. చదువరుల బల్లమీద ఒక తెల్లకాగితపు పుస్తకమును ఉంచినాను. మీ ఇండ్లలోని అవ్వలను, తాతలను అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు అందులో వ్రాయుడు. మొదటి పుటలో పెద్దమ్మ చెప్పిన చల్లనీటి మాటను వ్రాసియున్నాను. తక్కిన పుటలు మీవి.